అత్తగారి పథ్యం, కోడలి తూకం

2023 వానాకాలం. జంషెడ్‌పూర్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నేను డైటీషియన్‌ని, అంటే రోగి ఏం తినాలో చెప్పే మనిషిని. చెప్పడం వరకే నా ఉద్యోగం. తినిపించేది ఇంటివాళ్ళు. ఆ రెంటికీ మధ్య అత్తగార్లు ఉంటారు.

చిన్నమ్మడుకి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఊళ్ళోనే జుగ్సలాయి బజారులో కిరాణా దుకాణం. నేనూ టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగుదాన్నే అని తెలియగానే వాళ్ళత్త అప్పలనరసమ్మ హిందీ కట్టిపెట్టేసింది.

"మీరేటీ సెప్పక్కర్లేదమ్మా. దానికి పథ్యం నాను పెడతన్నాను" అంది.

పథ్యమంటే మెత్తటి అన్నం, మిరియాల చారు. చేప వద్దు, గుడ్డు వద్దు, పులుపు ఊసే ఎత్తకూడదు. వాళ్ళింట్లో జ్వరం ఎవరికొచ్చినా ఇదే చట్టం. క్యాన్సర్‌నీ ఆవిడ ఒక మొండి జ్వరం కింద జమకట్టింది.

చిన్నమ్మడు బాధ వేరు. "ఏటి తిన్నా ఇనప ముక్క నాకినట్టుంటంది మేడమ్. ఊరంతా ఇనుము మీద బతుకుతంది సరే, నా నోట్లోకి కూడా రావాలేటి?"

దీన్ని మేం మెటాలిక్ టేస్ట్ అంటాం. కీమో మందులతో కొందరికి వస్తుంది. స్టీలు చెంచా మానెయ్యమని, నోట్లో పుళ్ళు లేవు కాబట్టి కాస్త పులుపు తగిలించమని, వేడి వేడి వాసనలు పడకపోతే చల్లారాక తినమని, ప్రోటీన్ పెంచమని చెప్పాను. అత్తగారు అన్నిటికీ తలూపింది. ఇంటికెళ్ళి చారే పెట్టింది.

బరువు తగ్గుతూ వచ్చింది. ఇలాగే అయితే తర్వాతి సైకిల్, అంటే తర్వాతి విడత మందు, వాయిదా వెయ్యాల్సి రావచ్చని డాక్టరుగారు చెప్పారు. అప్పలనరసమ్మ ముఖం పాలిపోయింది.

ఆ విడత రోజు రానే వచ్చింది. చిన్నమ్మడు బుగ్గలు ఇంకా లోపలికి పోయాయి గానీ, మిషన్ మాత్రం బరువు పెరిగిందంది. నేను మురిసిపోయాను. "చూశారా, నా మాట వింటే ఎలా ఉంటుందో!"

చిన్నమ్మడు నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఆ దగ్గుకి నడుం దగ్గర ముడి ఊడింది. ఏదో ఠంగుమని నేలమీద పడి, నా బొటనవేలికి వెంట్రుకవాసిలో ఆగింది.

రెండు కిలోల తూనిక రాయి! పోత ఇనుముది, సర్కారు ముద్రతో సహా.

"ఇదేటి?" అన్నాను. కంగారులో నాకూ చిన్ననాటి భాషే వచ్చింది.

"మా దుకానందేనమ్మా. ముద్రేసిన రాయి, తులం తేడా ఉండదు" అంది అప్పలనరసమ్మ, నేను రాయి నాణ్యత అడిగినట్టు. ఆ వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "బరువు తగ్గితే మందు ఆపేత్తారన్నారు గదా. మందు ఆగిపోతే మా పిల్ల ఏటైపోతాది?"

నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. రాయి తీసి బల్లమీద పెట్టాను. "పెద్దమ్మా, మందు మోతాదు ఎత్తూ బరువూ చూసి లెక్క కడతారు. లేని రెండు కిలోలకి కూడా మందెక్కిస్తే భరించాల్సింది ఆ రాయి కాదు, మీ కోడలు."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "అంటే నాను దొంగతూకం ఏసినట్టా? మా దుకానంలో ఎవుడికీ ఎయ్యలేదమ్మా. ఇంటి పిల్లకి ఏసీసేను."

ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. ఆవిడ పక్కన కూర్చుని అడిగాను: "జ్వరమొస్తే చారు పెడతారు, సరే. బాలింతకేం పెడతారు?"

"పాలసొర సేప పెడతాం, గుడ్డు పెడతాం. ఒంటికి బలం రావాలి గదా."

"ఇది ఆ పథ్యం పెద్దమ్మా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా! పోటీనో ఏటో అంటావు!" అని నామీదే కేకలేసింది.

అసలు బరువు ప్రకారం లెక్క కట్టి, రక్తపరీక్ష చూసి, డాక్టరుగారు ఆ విడత ఇచ్చారు. వచ్చేసారికి ఇంకా తగ్గితే మాత్రం ఆపక తప్పదన్నారు.

వచ్చేసారి అప్పలనరసమ్మ ప్లాస్టిక్ డబ్బాలో చల్లారిన చేపల పులుసుతో దిగింది. "ఆకలి లేదంతన్నాను మేడమ్, ఆకలెయ్యడానికి సందిత్తేనా అత్త?" అని చిన్నమ్మడు మొరపెట్టుకుంది. అత్తగారు కోడలి గాజులు తీయించి, చెప్పులు విడిపించి, నడుం దగ్గర చీర తానే దులిపి, మిషన్ సున్నా చూపిస్తోందో లేదో చూసుకుని మరీ ఎక్కించింది.

అరకిలో పెరిగింది.

"దించి మళ్ళీ తూయమ్మా" అంది. మళ్ళీ తూచాను. అరకిలోయే. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని, "ఇంక మందెట్టీయండి" అంది.

ప్రోటీన్ అనే మాట ఇప్పుడు నా నోట చివర్లో వస్తుంది. ముందు మీ ఇంట్లో బాలింతకేం పెడతారని అడుగుతాను. దాంతో సగం అత్తగార్లు నా పక్షాన చేరిపోతారు. మిగతా సగం కోసం, మిషన్ ఎక్కేముందు కోడళ్ళ నడుములు కూడా చూస్తాను.