మూడో డిస్కు

నాకు కోపం ముందు వస్తుంది. ఆలోచన వెనక బస్సులో వస్తుంది.

అప్పట్లో నేను ఖమ్మంలో కూర్చుని, చర్ల దగ్గర ఒక చిన్న ఆఫీసులోని కంప్యూటర్లను చూసుకునేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్ల పోడు భూముల దరఖాస్తులన్నీ అక్కడ ఒక పెట్టెలో ఉండేవి. పెట్టెలో ఐదు డిస్కులు. ఒకటి చచ్చినా మిగతా నాలుగూ కలిసి దాని లెక్క అప్పజెప్పేస్తాయి, ఏదీ పోదు. ఈ మాట ఎంత గర్వంగా చెప్పేవాణ్ణంటే, ఇంక వేరే కాపీ ఎందుకులే అని ఊరుకున్నాను. అసలు కాగితాలు అంతకుముందే గోదావరి వరదలో నాని ముద్దయిపోయాయి.

ఆఫీసులో ఉండేది ఒక్కామే, అటెండరు. పొద్దున తాళం తీయడం దగ్గర్నుంచి ఫోన్లో నన్ను భరించడం దాకా అన్నీ ఆమె పనే. ఆ దరఖాస్తుల్లో వాళ్లమ్మదీ ఒకటి ఉంది.

ఒకరోజు మూడో నంబరు డిస్కు పోయినట్టు నా స్క్రీన్ మీద పడింది. కొత్తది బస్సు పార్సిల్లో పంపి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. ఏ డిస్కు పోయిందో చూపించే లైట్లు ఎప్పుడో ఆరిపోయాయి కనక, ఎడమ నుంచి లెక్కపెట్టి మూడో నంబరుది లాగమన్నాను. ఆమె లాగింది. పెట్టె పడుకుంది.

చచ్చింది ఒకటి, లాగింది ఇంకోటి. మూడింటితో ఆ పెట్టె నడవదు. మూడు దాకా లెక్కపెట్టడం కూడా రాదా అని ఫోన్లో నోటికొచ్చినట్టు అరిచి, ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పి బస్సెక్కాను. కొత్తగూడెం దాకా ఆమెనే తిట్టుకున్నాను. భద్రాచలం బ్రిడ్జి మీదికి వచ్చాక భయం పట్టుకుంది. పెట్టె తెరుచుకోకపోతే అన్ని ఇళ్లవాళ్లకూ భూమి తమదని చూపడానికి ఏమీ మిగలదు.

వెళ్లేసరికి ఆమె పెట్టె ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. అన్నం డబ్బా కూడా విప్పలేదు. ఎట్లా లెక్కపెట్టిందో చూపించమన్నాను. కల్లంలో వడ్లు కొలిచినట్టు, ఒక్కో డిస్కు మీద వేలు పెడుతూ చెప్పింది.

"లాభం, రెండు, మూడు."

మా నేలకొండపల్లిలోనూ అంతే. మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. పెట్టె చేసినవాడు మొదటిదాన్ని సున్నా అన్నాడు, అందుకని వాడి మూడు మనకు నాలుగోది. కల్లంలో సున్నా అని మొదలుపెట్టి ఉంటే మా తాత వాణ్ణి గట్టు మీదికి కూడా రానిచ్చేవాడు కాదు. ఈ తేడా నాకు పదేళ్లుగా తెలుసు. ఆమెకు చెప్పాలని మాత్రం తోచలేదు. చచ్చేంత సిగ్గేసింది.

లాగిన డిస్కును మళ్లీ దాని చోట్లో పెట్టి, ఇది నీదేనని పెట్టెను ఒప్పించేసరికి నాలుగుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చింది. ఐదోసారి ఫైళ్లు కనిపించాయి. అన్నిటికన్నా ముందు వాటిని వేరేచోట కాపీ చేసుకుని, ఆ తర్వాతే చచ్చినదాన్ని తీసి కొత్తది పెట్టాను.

ఆమె వాళ్లమ్మది తెరవమంది. స్క్రీన్ మీద వేలితో నాలుగు హద్దులూ చదువుకుంది. తూర్పున వాగు, పడమర పెదనాన్న చేను. వేలిముద్ర దగ్గర ఆగింది.

తప్పు నాదేనన్నాను.

"అవ్ సార్," అంది నెమ్మదిగా. "గా కాగితం ఒకటి తీసియ్యున్రి. ఇంట్ల పెట్టుకుంట."

ప్రింటు తీసిచ్చాను. మడిచి కొంగున ముడేసుకుని, పెట్టె సంగతి విని వచ్చి బయట అరుగు మీద కూర్చున్న ఊళ్లవాళ్లతో ఏదో చెప్పింది. ముందు ఇద్దరు లేచి వచ్చారు, తర్వాత వరస కట్టారు. ఆఫీసు మూసే వేళ దాటినా ప్రింట్లు తీస్తూనే ఉన్నాను. వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా పెట్టె వంక చూడలేదు.