బురుజు మీద మనిషిని దింపిన రోజు

కోట బురుజులంటే నాకు పిచ్చి. గుండ్రటి రాతి కట్టడం ఎక్కడ కనిపించినా ఫోటో తీయనిదే కదలను. విశాఖపట్నంలో యుద్ధనౌక మీద తిరిగే ఫిరంగి గదిని చూసినప్పుడు కూడా ఇదీ బురుజే, నీళ్ళ మీదికి చేరింది అంతే అనుకున్నాను. బెళుగుప్ప దగ్గరి పల్లెలో, కోటంటూ లేకుండా ఊరి మధ్య ఒంటరిగా నిలబడిన బురుజు ఉందని మిత్రుడు చెప్పగానే హైదరాబాదులో రైలెక్కాను.

తెల్లవారి గుంతకల్లులో దిగి, స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని ఉరవకొండ బస్సు పట్టుకున్నాను. అక్కడ బస్సు మారాలి. రెండో బస్సులో పక్క సీటు రైతు నా కెమెరాను ఎగాదిగా చూశాడు.

"పాత బురుజు చూసేకి ఇంత దూరం వచ్చినావా అప్పా? మేము వాన మోడం కోసం దినామూ ఆకాశం పైకి చూస్తాండాం, మమ్మల్నెవరూ ఫోటో తీయరు."

బెళుగుప్పలో దిగి 'బురుజున్న ఊరు' అంటే చాలు, ఆటోవాళ్ళు తీసుకెళతారు. నేను వెళ్ళేసరికి పదకొండు. ఇళ్ళ మిద్దెలకు పైన రాతి బురుజు, గోడలో తుపాకి గొట్టాలు పెట్టే కంతలు, వెనక వైపు మెట్లు. వెనకటికి దండులు వస్తుంటే పైనుంచి చూసి ఊరిని లేపేవారట. అంతా బాగుంది కానీ, పైన నల్ల గొడుగు వేసుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నాకు చిరాకేసింది.

పైకి వెళ్ళి పలకరించాను. పేరు నరసమ్మవ్వ. చెయ్యి విరిగి సరిగా అతకలేదు, బిందె ఎత్తలేనంది.

"నీళ్ళ ట్యాంకరు ఊళ్ళేకి రాదు నాయనా. ఆ మలుపు కాడ నిలబడతాది. బిందెలు కనపడకుంటే పక్కూరికి పోతాది. దుమ్ము లేస్తానే నేను కేకేస్తా, మా వీధోళ్ళు ఉరుకుతారు. నాకు రెండు బిందెలు వాళ్ళే తెచ్చిపోస్తారు."

ఇదంతా విన్నాకే అడిగాను, తెలియక కాదు. "అవ్వా, కాసేపు కిందికి దిగుతారా? ఫోటోలో మనుషులు లేకుండా కావాలి."

"ట్యాంకరొచ్చే పొద్దు ఇది."

"ఐదు నిమిషాలే."

దూరం నుంచి వచ్చిన మనిషినని దిగింది. సూర్యుడు మబ్బు చాటుకు పోయాడు. వెలుతురు కోసం ఆగాను, ఇంకో వైపుకు తిరిగాను, మళ్ళీ ఆగాను. అరగంట అయ్యుంటుంది. ఇంతలో మోటారు సైకిల్ మీద ఒకాయన వచ్చి, ట్యాంకరు మలుపులో ఆగి వెళ్ళిపోయిందని చెప్పాడు.

ఖాళీ బిందెలతో వీధి వీధంతా అవ్వ చుట్టూ మూగింది. "ఏమవ్వా, నిద్రపోయినావా? ఈ పొద్దు నీళ్ళు యాడినుంచి తెచ్చేది?"

అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. "కునుకు పట్టిందే తల్లీ," అంది.

నేను మాట్లాడలేదు. నోరు పెగల్లేదని రాయవచ్చు, అది అబద్ధం. తిడతారని భయపడ్డాను. కెమెరా సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి వచ్చేశాను.

తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నది, ఇందాక అవ్వ చుట్టూ మూగినవాళ్ళలో ఒకావిడే. పక్కామెతో చెబుతోంది: "రేపట్నుంచి ఆడ వేరే మనిషిని కూచోబెడతారంట. ఇంక అవ్వకు నీళ్ళెవరు పోస్తారో."

తల కొట్టేసినట్టయింది. ముందుకు వంగి, దింపింది నేనే, ఆమె నిద్రపోలేదు అని చెప్పాను.

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను నిదానంగా చూసింది. "నాకెందుకన్నా చెప్తాండావు? అందరూ ఆయమ్మను తిడతాంటే ఆడ చెప్పల్ల. దిగి పో, ఇప్పుడైనా చెప్పు. నేను చెప్తే ముసల్దాని మీద జాలితో అంటాండాదని అనుకుంటారు."

తర్వాతి స్టాపు వచ్చింది. రైలుకు వేళవుతోందని నాకు నేనే సర్దిచెప్పుకుని కదలకుండా కూర్చున్నాను. ఉరవకొండ దాకా ఆవిడ మళ్ళీ నా వైపు తిరగలేదు.

బురుజు చూడదగ్గదే, వెళ్ళండి. పైన ఎవరైనా కూర్చుని ఉంటే దిగమనకండి. ఆ కూర్చున్నది నరసమ్మవ్వ కాకపోతే మాత్రం, ఆ రోజు ఆమె నిద్రపోలేదని వీధిలో ఒక మాట చెప్పండి. నాకు ముఖం చెల్లడం లేదు.