డైనమోకు కట్టిన ఎర్ర దారం

దయ్యాలంటే నాకు నవ్వు. పరకాలలో నాకు ఇన్వర్టర్లు, బ్యాటరీలు బాగుచేసే షాపుంది. ఇంట్లో లైట్లు వాటంతటవే ఆరి వెలుగుతున్నాయని, ఎవరో ఏదో చేయించారని ఏడుస్తూ పిలిచిన వాళ్లున్నారు. వెళ్లి న్యూట్రల్ వైరు బిగించి వచ్చాను. మీటరుకు అందనిదాన్ని నమ్మే రకం కాదు నేను. ఈ సంగతి ఇన్నాళ్లు ఎవరికీ చెప్పనిది కూడా అందుకే.

మా అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు వరంగల్ తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఒకసారి వానలకు రోడ్డు తెగి వెళ్లలేకపోయాం. ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక, తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ ఆయాసం విన్నాక, ఇంకెప్పుడూ తప్పనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నా పాత కారే మాకు దిక్కు.

పోయిన వానాకాలం ఆ కారులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలగడం మొదలైంది. హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, రేజ్ చేస్తే మళ్లీ వెలుగుతున్నాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీకి మీటరు పెడితే పద్నాలుగు వోల్టుల దాకా చూపాలి. పన్నెండు దగ్గరే నిలబడి, లైట్లు వేస్తే ఇంకా కిందికి జారింది. బెల్టు బిగుతుగానే ఉంది, టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి. అంటే ఆల్టర్నేటర్ పోయింది. మా దగ్గర డైనమో అంటారు. నడుస్తున్న బండిలో బ్యాటరీని ఛార్జ్ చేసేది అదే. అది లేకపోతే ఉన్న ఛార్జ్ అయిపోగానే బండి ఎక్కడో రోడ్డు మీద చస్తుంది. తెల్లారితే డయాలసిస్.

ఆదివారం, మెకానిక్ దొరకలేదు. తెలిసినాయన దగ్గర ఒక రీకండిషన్ డైనమో తెచ్చి, మధ్యాహ్నం ఇంటి ముందు రేకుల కిందే పని మొదలుపెట్టాను. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, బెల్టు వదులు చేసి, బోల్టులు తీసి పాతదాన్ని దింపాను. వైర్ల కనెక్టర్ లాగేటప్పుడు, అది ఊడకుండా పట్టి ఉంచే లాక్ చేతిలోనే విరిగింది. ఇంజిన్ వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కింది. కొత్తదానికి దాన్ని అలాగే నొక్కి పెట్టి, తర్వాత టేప్ చుడదామనుకున్నాను. స్టార్ట్ చేస్తే మీటరు పద్నాలుగు చూపింది. ఆ సంతోషంలో బానెట్ మూసి, కారు లాక్ చేసి, తాళంచెవి తీసుకుని స్నానానికి పోయాను. టేప్ సంగతే మరిచిపోయాను.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. బతికినంత కాలం వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద కార్పెట్లు నేశాడు. ఇంట్లో ఏది విరిగినా కార్పెట్ దారంతో కట్టేవాడు. బకెట్ పిడికీ అదే, నా ఛార్జర్ వైరుకూ అదే. ఎడమచేతి వాటం కాబట్టి ఆయన ముడి అందరి ముడికి తిరగేసి పడేది. కట్టేముందు దారాన్ని నోట్లో పెట్టి తడిపేవాడు, ఆరితే బిగుస్తుందని. ఆయన పోయాక మగ్గం, నూలు అన్నీ ఇచ్చేసి అమ్మను పరకాల తెచ్చుకున్నాను. మా ఇంట్లో కార్పెట్ దారం పోగు కూడా లేదు.

పొద్దున్నే బయలుదేరాం. సగం దారిలో బండి ఒక గుంతలో దబ్బున పడింది. అప్పుడు గుర్తొచ్చింది టేప్. పక్కకు ఆపి బానెట్ ఎత్తాను.

కనెక్టర్ చుట్టూ ఎర్ర దారం కట్టి ఉంది. ముడి తిరగేసి ఉంది. వేలు పెట్టి చూశాను, తడిగా ఉంది. రోడ్డు మీది నీళ్లు చిమ్మాయేమో అనుకున్నాను. చుట్టూ వైర్ల మీద దుమ్ము పొడిగా ఉంది. ఇంజిన్ సెగకు నా చెయ్యి కాలుతోంది.

బండి ఎవరన్నా ముట్టారా అని వెనక సీట్లో ఉన్న అమ్మను అడిగాను.

“మీ బాపు వచ్చిండు గదా నిన్న, నువ్వు తానం చేస్తాంటె. చేతులన్ని నల్లగైనయి. కడుక్కోమంటె ఇనలె.”

ఏమన్నాడని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

“ఇంకొక్కపారి పోయిరమ్మన్నడు బిడ్డా. తర్వాత ఈ సూదులుండయట.”

గమ్మునుండమని కసిరాను. రక్తంలో మలినాలు పెరిగితే అలా మాట్లాడతారని డాక్టర్లు చెప్పారు. పోనీ అమ్మే కట్టిందనుకుందామా? నా భుజం పట్టుకోకుండా గడప దాటలేని మనిషి.

ఆ రోజు డయాలసిస్ బాగానే జరిగింది. తిరిగొచ్చేటప్పుడు కొత్తవాడ మీదుగా పోదామంది. మా పాత గల్లీలో కారు ఆపితే, ఆడవాళ్లు వచ్చి కిటికీలోంచి ఆమె చేతులు పట్టుకున్నారు. అమ్మ అంత నవ్వడం బాపు పోయాక నేను చూడలేదు. తర్వాతి డయాలసిస్ రాకముందే, ఒక పొద్దున చాయ్ తెచ్చి లేపితే లేవలేదు.

ఆ ముడి ఇప్పటికీ అలాగే ఉంది. కొత్త కనెక్టర్ కొనిపెట్టుకున్నాను, మార్చబుద్ధి కాలేదు. దారం ఎక్కడిదో, లాక్ చేసిన కారు బానెట్ కిందికి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తేలదు. దానికంటే తేలనిది ఇంకొకటుంది. బాపు మీద కోపం కూడా దానికే. అమ్మను తీసుకుపోయేవాడు ఆ కారు ఎందుకు బాగుచేసినట్టు?