రోగిష్టి బిళ్లగన్నేరు

నన్ను మొండిఘటం అంటే నాకు కోపం రాదు. ఆ మొండితనమే లేకపోతే బియ్యెస్సీ కాగానే నన్ను వంటింట్లోకి తోసి తలుపేసేవారు. ఆంధ్రరాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. విశాఖపట్నంలో చదువు ముగించుకుని మా ఊరు చోడవరం వచ్చిన మర్నాడే, ఎమ్మెస్సీ చదువుతానన్నాను. చెరకు తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న నాన్న చెంబు కింద పెట్టాడు.

"మొక్కల గురించి ఇంకా ఏటి సదువుతావే? నేను సూడని మొక్కలా?"

చూడని మొక్కనే చూపిస్తానన్నాను. మా లెక్చరరు ఇచ్చిన కాల్చిసిన్ మందు, చిన్న సీసాలో నల్ల కాగితం చుట్టి తెచ్చుకున్నాను. మొలక చిగురు మీద ఆ మందు పడితే, రెండుగా చీలాల్సిన కణం చీలకుండా ఆగిపోతుంది. లోపలి క్రోమోజోములు మాత్రం రెట్టింపవుతాయి. అలాంటి మొక్కకి ఆకు దళసరిగా, పువ్వు పెద్దగా వస్తుంది. ఇదంతా చెబితే నాన్న పడీపడీ నవ్వాడు.

"సరే. కాలేజీ తెరిసేలోగా మామూలు దానికన్నా పెద్ద పువ్వు నా సేతిలో పెట్టు, పంపిస్తాను. నేదంటే ఆ మాట మళ్లీ ఎత్తకు."

ఎవరూ పట్టించుకోని బిళ్లగన్నేరును ఎంచుకున్నాను. పెరట్లో మడి కట్టి గింజలు చల్లాను. మొలకలు రెండాకులు విప్పగానే ఆ ఆకుల మధ్య చిటికెడు దూది పెట్టి, అది ఆరకుండా మందు చుక్కలు వేశాను. అది విషం. బావి దగ్గర చేతులు రుద్ది కడుక్కుంటే గాని అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. కొన్ని మొలకలు చచ్చాయి. కొన్నిటికి మందు పట్టలేదు, అవి హాయిగా ఎదిగాయి. మందు పట్టినవేమో గిడసబారి, ఆకులు ముడతలు పడి, దిష్టి తగిలిన పిల్లల్లా ఉండేవి. నా ప్రాణమంతా వాటి మీదే.

అనకాపల్లిలో పెళ్లికి వెళ్లి తిరిగొచ్చేసరికి మడి శుభ్రంగా ఉంది. ఏపుగా పెరిగినవే మిగిలాయి. నాన్న గర్వంగా చూపించాడు.

"రోగిష్టివన్నీ పీకేసేనమ్మా. మంచివాటి బలం లాగేస్తన్నాయి. ఇంక సూడు, నీ పువ్వు ఎంత పెద్దదవుద్దో!"

ఏ రైతైనా చేసే పనే, అదీ నాకు సాయం చేద్దామని చేశాడు. అయినా వీధంతా వినేలా అరిచాను. "పీకినవే నా మొక్కలు! నువ్వుంచినవి ఊరంతా ఉన్నాయి!" అరుస్తూనే పెంటకుప్ప దగ్గరికి పరిగెత్తి చేతులు పెట్టి వెతికాను. అన్నీ ఎండిపోయాయి. తడి పేడ అడుగున ఒక్కటి మాత్రం వేరుతో సహా పచ్చగా దొరికింది. కుండలో నాటాను. నాన్నే వెళ్లి తాటాకు తెచ్చి దానికి ఎండ తగలకుండా నీడ కట్టాడు.

మొక్క బతికింది గాని పూయలేదు. కాలేజీ తెరిచే రోజు వచ్చింది. పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చున్నాను. అన్నానికి పిలిచినా లేవలేదు.

"పువ్వేదే?" అన్నాడు నాన్న.

"పీకకపోతే పూసేది" అన్నాను.

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. తర్వాత పెట్టె తనే భుజాన పెట్టుకుని బస్సు దాకా వచ్చాడు. "దసరాలోగా పుయ్యాల. నేదంటే నేనే వొచ్చి తీసుకుపోతాను. అప్పుడు ఏడిస్తే ఊరుకోను" అన్నాడు. సరేనన్నాను. మొక్కకి నీళ్లు పోసే పూచీ ఆయన మీదే పెట్టి విశాఖపట్నం బస్సెక్కాను.

దసరా ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం, మీ నాన్నగారొచ్చారని హాస్టలు ఆయా చెప్పింది. పువ్వు పూయలేదని, నన్ను తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. గది గడియ పెట్టుకుని రానని చెప్పించేద్దామనుకున్నాను. మళ్లీ రోషం వచ్చింది. పోట్లాటేదో ఎదురుగానే తేల్చుకుందామని కిందికి దిగాను.

నాన్న గేటు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో తడిగుడ్డ మూట. నన్ను చూస్తూనే విప్పాడు. రెండు బిళ్లగన్నేరు పువ్వులు. ఒకటి నా మొక్కది, ఒకటి వీధిలోది. తెల్లారగానే కోసి బస్సెక్కాడట. తుంచిన బిళ్లగన్నేరు ఎంతసేపు ఆగుతుంది? రెండూ వాడి, ముడుచుకుని, గుడ్డకి అంటుకుపోయాయి. ఏది ఏదో నేను కూడా పోల్చలేకపోయాను.

నాన్న మోటు వేళ్లతో రేకులు విప్పబోయాడు. అవి చిరిగిపోయాయి. ఆయన ముఖం చిన్నబోయింది.

"పొద్దున్న పెద్దదిగానే ఉందే. పక్కపక్కనెట్టి సూసేను. మీ అమ్మా సూసింది. ఒట్టే తల్లీ, నమ్ము."

రుజువు అడగాల్సిన వంతు ఇప్పుడు నాది.

"నమ్మేను నాన్నా."

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకో మొగ్గేసింది. పండక్కి సెలవలిస్తారు గదా, అప్పుడొచ్చి నువ్వే సూసుకో" అన్నాడు.

నన్ను తీసుకుపోవడానికి రాలేదన్నమాట. ఆ గేటు దగ్గరే, తోటి పిల్లలంతా చూస్తుండగా, భోరున ఏడ్చాను.