ఇంటిపేరు ఏటి

హుగ్లీ నదిపై ఆవిరి పడవలు పోయి మోటారు లాంచీలు వచ్చి, ట్రాము పట్టాలు ఒక్కొక్క వీధినీ విడిచి తారు కింద కప్పబడి, చివరకు ఆ నదీగర్భం కిందనుండే మెట్రో రైలు పరుగులు తీసే కాలం వచ్చేవరకు, శ్రీకాకుళం సీమనుండి తరలివచ్చి మూడు తరాలుగా కోల్‌కతా వీధులను సూర్యోదయానికి ముందే శుభ్రం చేస్తూ, ఇన్ని వీధులున్న మహానగరంలో ఒక్క గడపనైనా చూపి "ఇది మాది" అనే భాగ్యం ఎరుగని వంశంలో, ఆ మాటను మొట్టమొదట పలికిన ఇల్లాలు కాసులమ్మ.

ఆమె పుట్టింది కార్పొరేషన్ క్వార్టర్లలో. పెళ్ళై అత్తవారింటికి వెళ్ళింది ఆ వరుసలోనే చివరి గుమ్మానికి. భర్త నరసయ్యదీ ఆ కొలువే. పద్యమంటే ప్రాణమిచ్చే మనిషి కావడంచేత కూతురికి సాహిత్య అని పేరు పెట్టుకొని, ఆ పిల్ల పలక పట్టకముందే కన్నుమూశాడు. పిల్ల బెంగాలీ బడిలో చదివి కంటి ఆసుపత్రిలో ఉద్యోగస్తురాలైంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని, చదవమంటే మాత్రం అక్షరమక్షరం కూడబలుక్కుంటుంది. కాసులమ్మ ఆమెను ఒంటిచేత్తో పెంచింది. చీపురు పట్టిన చేతిని ఎన్నడూ దాచుకోలేదు, ఎవరి ఎదుటా ఆ చేయి చాచనూ లేదు.

దుర్గాపూజలు వెళ్ళగానే ఆమె ఉద్యోగ విరమణ. ఉద్యోగంతోపాటు క్వార్టరూ పోతుంది. పొదుపు ఉంది, కూతురి పేర బ్యాంకు అప్పూ ఇస్తామన్నారు. లేనిదల్లా ఇల్లు అమ్మే మనిషి. ఏం పని చేస్తారని అడిగి, జవాబు వినగానే ఇల్లు అంతకుముందే ఇంకెవరికో మాట ఇచ్చేసినట్టు జ్ఞాపకం తెచ్చుకొనే యజమానులను ఆమె ఆ ఏడాది చాలామందిని చూసింది.

అటువంటి రోజుల్లో నది అవతల లిలువాలో తెలిసినవారి పెళ్ళికి వెళ్ళి తిరిగివస్తుండగా, రైలుకట్ట పక్క సందులో ఒక గోడ మీద సుద్దతో రాసిన బెంగాలీ అక్షరాలను సాహిత్య చదివింది: "ఇల్లు అమ్మబడును. దళారులు రావద్దు." మరుసటి ఆదివారం ఇల్లు చూడటానికి తల్లీకూతుళ్ళు వస్తే గోడ మీద అక్షరం లేదు. ఎదుట టీకొట్టువాడు నవ్వాడు.

"పాలిత్ బాబు ఇల్లా? పొద్దున్న టీ తాగి రాస్తారు దీదీ, సాయంత్రం టీ తాగి చెరుపుతారు. తలుపు కొట్టండి. ఇప్పుడే మొదటి టీ పంపాను."

తలుపు తీసినవాడు ఎనభైకి చేరువైన వృద్ధుడు. పేరు మనీంద్ర పాలిత్. లిలువా రైల్వే కార్ఖానాలో పెట్టెలకు కొయ్యపని చేసి విశ్రాంతి పొందినవాడు. ఆ ఇంటి తలుపులూ కిటికీలూ ఆయన చేతిపనే. భార్య గతించింది. చందన్‌నగర్‌లో ఉన్న చెల్లెలు తన దగ్గరికి వచ్చి ఉండమని పోరుతున్నది. మనసు సగం అక్కడ, సగం ఇక్కడ.

మాటలు బెంగాలీలోనే నడిచాయి. కాసులమ్మ బెంగాలీలోనూ శ్రీకాకుళపు యాస దూరి కూర్చుంటుంది.

"ఇల్లు సూడ్డానికొచ్చినాం దాదా."

"చూడండి. అమ్ముతానని మాత్రం మాట ఇవ్వలేను."

"మరి గోడ మీద రాసినారు కదా?"

"రాసేది నేనే," అన్నాడు వృద్ధుడు తలవంచుకొని. "చెరిపేదీ నేనే."

ఆయన అడగకముందే ఆమె చెప్పవలసింది చెప్పేసింది. "నాను కార్పొరేషన్‌లో ఊడుస్తాను దాదా. ముందే సెప్తన్నాను. తరవాత తెలిసి మీరు ఇబ్బంది పడకూడదు."

పాలిత్ ఆమె ముఖం చూశాడు. గుమ్మం బయట ఒద్దికగా విడిచిన చెప్పులు చూశాడు. "అయితే లోపలికి రా. ఈ నేల చూసి చెప్పు," అన్నాడు.

నల్లని అంచు కట్టిన ఎర్రని గచ్చు అది. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి నునుపు తేరి, కిటికీ వెలుగును తనలో నిలుపుకొన్నది. కాసులమ్మ మోకాళ్ళ మీద వంగి అరచేత్తో నిమిరింది. వీధులను శుభ్రం చేయడంలో జీవితం గడిపిన మనిషి, ఊడ్చిన మరుక్షణమే మళ్ళీ మాసే నేలను తప్ప ఎరుగని మనిషి, శుభ్రత ఇంతకాలం ఒకచోట నిలవడం చూసి నేల మీంచి చేయి తీయలేకపోయింది.

వాకిలి పక్క గోడలో ఒక పాలరాతి పలక పొదిగి ఉన్నది. దాని మీద అక్షరం లేదు.

"దాదూ, ఇంటికి పేరు లేదా?" అని అడిగింది సాహిత్య.

"ఉండాలనే ఆ రాయి పెట్టించాను. ఆవిడ ఒక పేరు అంది, నేను ఒకటి అన్నాను. తేలేదాకా ఆగమని చెక్కేవాణ్ణి పంపేశాను. ఆవిడ వెళ్ళిపోయింది." వృద్ధుడు పలక మీది దుమ్ము తుడిచాడు. "ఇంకా తేలలేదు."

ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు. సందు చివర ఎవరో పాత ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపుతున్నారు. పాలిత్ అటు చేయి చూపి, "అక్కడ లిఫ్టు ఉంటుంది, అన్నీ కొత్తవి. ఇక్కడ ముసలి ఇల్లు. నీకేది కావాలి?" అని అడిగాడు.

ఆయన నోరు విప్పడమూ, రైలుకట్ట మీద గూడ్సుబండి విరుచుకుపడటమూ ఏకకాలంలో జరిగాయి. కిటికీలు గణగణలాడాయి. కాసులమ్మకు ఆయన పెదవులు కదలడం కనిపించిందే గాని ఒక్క మాటా వినిపించలేదు. ఎంత బెంగాలీ మాట్లాడినా, ఉలికిపడినప్పుడు ఆమె నోట వచ్చేది తెలుగే. చెవి దగ్గర చేయి పెట్టుకొని, "ఏటి?" అని అరిచింది.

వృద్ధుని ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. ఆ మాటనే తనలో రెండుసార్లు అనుకొని, లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, వీధి గోడ మీద ఇంకా లీలగా మిగిలి ఉన్న సుద్ద గీతలను శుభ్రంగా తుడిచేశాడు.

"పదవే గుంటా," అన్నది కాసులమ్మ నీరసంగా. "ఈయన మల్లీ సెరిపీసినాడు."

"వెళ్ళకు దీదీ, ఇక రాయను," అన్నాడు పాలిత్, వాళ్ళు వెనుదిరగడం చూసి. "వచ్చే ఆదివారం రండి. మాట ఖాయం చేసుకుందాం."

హౌరా రేవులో లాంచీ ఎక్కేవరకు సాహిత్య నవ్వు ఆపుకొన్నది. లాంచీ కదలగానే పకపకలాడింది.

"అమ్మా, ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో తెలుసా? ఏ ఇల్లు కావాలని అడిగాడు, ఆయన పక్కనే ఉన్నాను గనక నాకు వినబడింది. నువ్వు 'ఏటి' అన్నావు. ఆయన 'ఎటి' అనుకున్నాడు!"

వంగభాషలో ఎకారానికి హ్రస్వదీర్ఘ భేదం లేదు. ఎటా అంటే ఇది. ఎటి అన్నా ఇదే. కాని చంటిబిడ్డను చూపించేటప్పుడో, ప్రియమైన వస్తువును ముట్టుకొనేటప్పుడో పలికే ఇది. శబ్దం ఒక్కటై అర్థాలు రెండైతే ఆలంకారికులు శ్లేష అంటారు. రెండు భాషల నడుమ, గూడ్సుబండి సాక్షిగా, ఏ కవీ తలపెట్టని శ్లేష ఒకటి లిలువా సందులో పుట్టింది.

కాసులమ్మ కూడా నవ్వింది. నది మధ్యకు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆయన అడిగినదానికి నాను జవాబు సెప్పనే లేదు కదే."

"పోనిద్దూ అమ్మా! నువ్వేం అబద్ధం ఆడలేదు. ఆయన చెవిలో పడింది, ఆయనకి నచ్చింది."

"నాది కాని మాట మీద ఇల్లు కొంటామేటి?"

"చూడు, మళ్ళీ ఏటి అన్నావు!"

"పరాసికం కాదే. రోడ్డు మీద దొరికిన వస్తువు ఎవుల్దని అడక్కుండా నానేనాడూ కొంగున కట్టలేదు. ఇదీ అలాంటిదే. ఆయన పారేసుకున్న మాట."

సాహిత్య ముఖం మారింది. "నిజం చెబితే ఆయన మళ్ళీ వెనక్కి తగ్గుతాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. ఎక్కడికి పోతాం?"

తల్లి కొంగు భుజం చుట్టూ కప్పుకొని ఆవలి ఒడ్డునే చూస్తూ కూర్చున్నది.

ఆ వారమంతా ఆ చర్చ వారింట పొయ్యి మీద ఎసరులా కాగుతూనే ఉన్నది. ఆదివారం వచ్చింది. పాలిత్ కుర్చీలు వాల్చి, సందేశ్ మిఠాయి తెప్పించి ఎదురుచూస్తున్నాడు. గోడ శుభ్రంగా ఉన్నది. కాసులమ్మ కూర్చోలేదు.

"దాదా, ఆ రోజు నాను ఎటి అనలేదు. మా భాషలో ఏటి అంటే కీ, ఏమిటని అడగడం. రైలెల్లింది, మీ మాట ఇనబళ్ళేదు. మీరు ఇంకోలా అనుకున్నారు. అది సెప్పకుండా ఈ గడప దాటి కూకోవడం నాకు ఇష్టం లేదు."

వృద్ధుడు లేచి లోపలికి వెళ్ళాడు. అలమర తెరిచిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో సుద్దముక్క ఉన్నది. సాహిత్య కళ్ళు నీళ్ళతో నిండాయి. కాసులమ్మ మాత్రం తల దించలేదు. మాట ఎవరిదో వారికి అప్పగించిన మనిషి నిలబడినట్టు నిలబడింది.

"అంటే, ఆ రోజు నా ప్రశ్నకు జవాబే రాలేదన్నమాట," అన్నాడు పాలిత్.

"రాలేదు దాదా."

"ఇంతమంది వచ్చారు. అందరూ 'ఎటా' అన్నారు. నేల ఎంత, పడగొడితే ఎన్ని అంతస్తులు లేస్తాయి అన్నారు. మాటలు ఇచ్చి వెనక్కి తీసుకున్నాను, వాళ్ళూ అంతే. తమది కాని మాటను తిరిగి తెచ్చి నా చేతిలో పెట్టినవాళ్ళు లేరు." ఆయన గొంతు సవరించుకొన్నాడు. "అయితే మళ్ళీ అడుగుతాను. సరిగ్గా విను."

దూరాన లోకల్ రైలు కూత వినిపించింది. ఆయన అరచేయి ఎత్తి ఆగమన్నాడు. రైలు వచ్చింది, కిటికీలు గణగణలాడాయి, పోయింది. ఆ చివరి ప్రతిధ్వని కూడా అణగిన తరువాత, కార్ఖానాలో కొలత తీసేవాని జాగ్రత్తతో అడిగాడు.

"అక్కడ కొత్త ఇల్లు. ఇక్కడ ముసలి ఇల్లు. నీకేది కావాలి?"

కాసులమ్మ రెండడుగులు ముందుకు వేసి, ఆయన చేసిన టేకు తలుపు మీద అరచేయి ఆనించింది.

"ఎటి, దాదా."

"ఇది ప్రశ్నా, జవాబా?"

"జవాబే!" అని ఆమె నవ్వింది, కళ్ళు ఒత్తుకొంటూనే.

పాలిత్ సుద్దముక్కను ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉంచు. నా దగ్గర ఉంటే సాయంత్రం టీ తరువాత ఏమవుతుందో నేను చెప్పలేను."

పూజలకు ముందే రిజిస్ట్రేషన్ ముగిసింది. గృహప్రవేశంనాడు కాసులమ్మ పాలు పొంగించింది. క్వార్టర్ల వరుస వరుసంతా లిలువాకు కదిలివచ్చి, ఎర్ర గచ్చు మీద కాలు పెట్టడానికి సంకోచించి గుమ్మంలోనే నిలబడితే, "రండర్రా, ఇది మాది!" అని ఒక్కొక్కరినీ చేయి పట్టి లోపలికి తెచ్చింది. ఆ మాటను ఆమె ఆ రోజు ఎంతమందితో అన్నదో! అన్న ప్రతిసారీ ఆమె తల మరికొంచెం పైకి లేచింది.

పాలిత్ సంచీ భుజాన వేసుకొని గడప దగ్గర ఆగాడు. వంగదేశంలో సెలవు తీసుకొనేవారు వెళ్తానని అనరు. "ఆసి," అన్నాడు, అనగా వస్తాను అని.

"మాలోనూ అంతే దాదా. ఎళ్ళొత్తానంటాం. రాకపోతే ఊరుకోను."

మిగిలింది పాలరాతి పలక. పేరేమి పెట్టాలన్న ప్రసక్తి వచ్చినప్పుడు పాలిత్ చందన్‌నగర్‌నుండి ఫోనులోనే, ఈసారి తటపటాయింపు లేకుండా తేల్చిచెప్పాడు. చెక్కేవానికి అక్షరరూపం చూపడం సాహిత్యవల్ల కాలేదు. చిన్ననాడు క్వార్టర్ల తెలుగు బడిలో నేర్చిన అక్షరాలను తలచుకొని కాసులమ్మే ఆ సుద్దముక్కతో పలక మీద తెలుగున 'ఏటి' అని రాసింది. కింద సాహిత్య అదే మాటను బెంగాలీలో రాసింది. బెంగాలీలు చదివి "ఇదిగో, ఇదే" అని మురిసిపోతారు. తెలుగువారు చదివి ఒక్క క్షణం తికమకపడతారు.

"ఒలమ్మా కాసులూ, ఇంటిపేరు ఏటే?"

"ఏటే!" అంటుంది ఆమె గర్వంగా.

ఏటి అని పలకరించి ఎటి అని అక్కున చేర్చుకొనే ఆ గడపకు పసుపూ కుంకుమా నిత్యం నిండుగా ఉండుగాక. కాసులమ్మ చేతి చీపురు ఇకమీదట తన వాకిలిని మాత్రమే ఊడ్చుగాక. సాహిత్య తన పేరుకు తగినట్టు తండ్రి భాషను కంటితోనూ చదువుకొనుగాక. వస్తానని వెళ్ళిన వృద్ధునికి ఆ ఇంట పీట ఎప్పుడూ వాల్చి ఉండుగాక. ఎన్ని రైళ్ళు అదరగొట్టుకొంటూ పోయినా ఆ కిటికీలు చెదరక, ఆ ఇంటివారు పలికిన మాట తరతరాలకూ తప్పక, ఆ ఇంటి దీపం ఆ ఎర్రని నేల మీద అఖండమై వెలుగుగాక.