మట్ట గుచ్చని గండి

ఆదిశేషమ్మ జీవితంలో ఒక్కసారే వకీలు ఇంటి గడప తొక్కింది. కోర్టు మెట్లు మాత్రం ఎక్కలేదు. ఒకరి వల్ల ఇంకొకరికి జరిగే నష్టం గురించి చట్టం ఏమంటుందో ఆ ఒక్క పూటలోనే విన్నది. విన్న తర్వాత ఆమె చేసిన పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిట్టమూరుకు తూర్పున, సముద్రానికి దగ్గరగా, ఉప్పుటేటి ఒడ్డున ఆమె ఊరు. 1961లో నన్ను అక్కడి హైస్కూలుకు సైన్సు పంతులుగా వేశారు. నేనూ నా భార్యా ఆమె ఇంటి ముందు గదిలో అద్దెకు దిగాం. మరుసటి ఏడాది మాకు బాబు పుట్టాడు. వాడు తుమ్మితే నేను థర్మామీటరు వెతికేవాణ్ని. వాడు నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ని. ఆదిశేషమ్మ అదంతా చూసి నవ్వేది.

"ఆ గాజుపుల్ల పెట్టి అన్నం ఉడికిందా లేదా అని చూసినట్టు చూస్తావేంది అయ్యోరా. బిడ్డ బాగుండాడు" అనేది.

అప్పటికి ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. పొలం గట్టున నిలబడి మాట్లాడితే ఇంట్లోకి వినిపించే గొంతు. భర్త వెంకయ్య పోయి చాలాకాలమైంది. అన్నదమ్ముల పంపకాల్లో ఆమెకు మిగిలింది ఊరి తూర్పు కొసన ఒక్క మడి. దుక్కి దున్నడానికి తప్ప దేనికీ మనిషిని పిలిచేది కాదు. ఆ మడిలో పండే మొలకొలుకుల వడ్లే ఆమెకు ఏడాది తిండి.

ఆ మడిని ఆనుకుని ఒక కాలువ ఉంది. అది హెబ్రోనుది. హెబ్రోను ఉప్పు పండించేవాడు. కామాక్షయ్య అనే ఆసామి దగ్గర ఉప్పు పండే మళ్లున్న కొటారు కౌలుకు తీసుకుని, ఏటి నీళ్లను సముద్రం పొంగే పోటు వేళ కాలువలోకి వదిలి, అక్కడి నుంచి ఉప్పు మళ్లకు మళ్లించేవాడు. కాలువ మొదట్లో ఒక చెక్క పలక ఉండేది. పలక ఎత్తితే ఉప్పునీరు వస్తుంది, దించితే ఆగుతుంది. కాలువకు హెబ్రోను కట్టిన కట్ట తెగదని చుట్టుపక్కల పేరు. అతనికి కూడా ఆ పేరంటే చాలా ఇష్టం. ఆదివారం చర్చి నుంచి తెల్లబట్టలతో వస్తూ కూడా కట్ట మీద నుంచే ఇంటికి వెళ్లేవాడు.

ఆ కాలువ విషయంలో ఊరికి ఒక అలవాటు ఉండేది. వానకు మళ్లు నిండితే, ఏటి నీరు తగ్గే పాటు వేళ కాలువ ఖాళీగా ఉన్నప్పుడు, పక్కనున్న రైతులు కట్టకు చిన్న గండి కొట్టి వాననీటిని అందులోకి వదులుకునేవారు. కట్ట మీది గడ్డిలో గండి కనపడదు కాబట్టి, కొట్టినవాళ్లు దాంట్లో ఒక తాటిమట్ట నిలువుగా గుచ్చాలి. పొద్దుగూకే ముందు హెబ్రోను కట్ట మీద నడిచి, మట్ట కనిపించిన చోటల్లా బంకమట్టితో పూడ్చి, ఆ తర్వాతే పలక ఎత్తేవాడు. పూడ్చే పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఆదిశేషమ్మ ఒకసారి తనే పూడ్చిందట. అతను దాన్ని మళ్లీ తవ్వి మళ్లీ పూడ్చాడట. "నేను చేస్తే నీకు ఆనదు. ఇంక నేను గడ్డి పరక గూడా పెట్టను పో" అని ఆమె అప్పటి నుంచి మట్ట గుచ్చి వచ్చేసేది.

1963 పుష్యమాసంలో అకాలపు వాన పడింది. వరి అప్పుడే పాలు పోసుకుంటోంది. మడిలో నీళ్లు నిలిస్తే పైరు పడిపోతుంది. పౌర్ణమి నాడు, అది ఆదివారం, మధ్యాహ్నం దాటాక ఆదిశేషమ్మ పార తీసుకుని మడికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే బాబుకు జ్వరం ఎక్కింది. ఉన్నట్టుండి వాడి ఒళ్లు బిగుసుకుపోయింది, కళ్లు పైకి తేలాయి. జ్వరం తీవ్రతకు పసిపిల్లలకు అలా అవుతుందని నేను చదివే ఉన్నాను. చదివింది ఒక్క ముక్కా గుర్తు రాలేదు. నా భార్య వాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పొలం వైపు పరుగెత్తి, ఆదిశేషమ్మ కనిపించగానే కేక పెట్టాను. ఆమె పార మడి నీళ్లలోనే పడేసి వచ్చింది. వాడి బట్టలు విప్పి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచింది. బిగుసుకున్న ఒళ్లు కాసేపటికి సడలింది. వాడు ఏడ్చాడు. చీకటి పడేదాకా ఆమె మా గదిలోనే ఉంది.

తెల్లవారేసరికి ఆమె మడి నిండా ఉప్పునీరు ఉంది. కట్టకు రెండెడ్ల బండి పట్టేంత దారి పడింది. హెబ్రోను ఆ తెగిన చోట గొంతుకూర్చుని మట్టి పిసికి చూస్తున్నాడు.

"పొద్దుగూకే ముందు ఆ కొస దాకా నడిచినా అక్కా. యాడా మట్ట లేదు. చూసుకునే పలక ఎత్తినా. లోపల గుల్లయిందేమో, నాకు తెలీలా" అన్నాడు.

ఆదిశేషమ్మ ఏమీ అనలేదు. దిగులుతో నోరు పెగలలేదని నేను అనుకున్నాను.

ఉప్పునీటిలో మొక్క నిలువునా ఎండిపోతుంది. బయటి నీళ్లలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్లు పీల్చుకోలేదు, ఉన్నది కూడా కోల్పోతుంది. వారం తిరిగేసరికి మడి గడ్డివామి రంగులోకి వచ్చింది. ఆ ఏడాది పంట పోవడం ఒకటి, బంకనేలకు పట్టిన ఉప్పు అంత తొందరగా వదలదు. పైగా కాలువ అక్కడే ఉంటే మళ్లీ ఇదే జరగవచ్చు. కాలువను మడికి దూరంగా జరపమని ఆదిశేషమ్మ కామాక్షయ్యను అడిగింది. కాలువ జరిపితే తన నేల పోతుందని ఆయన ఒప్పుకోలేదు. తప్పు కట్ట కాపాడుకోలేని హెబ్రోనుది, కొటారు ఇంకొకరికి ఇస్తాను, అంతటితో సరిపెట్టుకో అన్నాడు.

అప్పుడు కేసు వేయమని చెప్పింది నేనే. గూడూరులో పద్మనాభయ్యగారని ఒక వకీలు ఉన్నారు. ఆమెను వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాను.

పద్మనాభయ్యగారు అరుగు మీద పడక కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. కాలువ గురించి హెబ్రోనుతో ఒప్పందం ఏమైనా రాసుకున్నారా అని ఆమెను అడిగారు. లేదంది. ఒప్పందం లేకపోయినా ఫరవాలేదన్నారు. మన పనుల వల్ల పక్కవాడికి హాని జరగకుండా చూసుకోవాలనే బాధ్యత కాగితం లేకుండానే మనందరి మీదా ఉంటుందని, అది తప్పితే దాన్ని టార్టు అంటారని చెప్పారు. ఆ తప్పుకు జైలు ఉండదు, నష్టపోయిన మనిషికి న్యాయం చేయడమే అందులో ముఖ్యం అన్నారు.

నష్టం వచ్చింది గదా, ఇంక చెప్పేదేముందని నేను మధ్యలో అన్నాను. నష్టం ఒక్కటే చాలదని ఆయన చెప్పారు. ఊళ్లో ఇంకో పంతులు వచ్చి బాగా చెప్పి, మీ దగ్గర ప్రైవేటుకు వచ్చే పిల్లలను లాక్కుపోతే మీకు నష్టమే, కానీ అతను చేసిన తప్పేమీ లేదు. అదే ఎవడైనా అడక్కుండా ఈమె మడిలోకి దిగి నడిచిపోతే, గింజ రాలకపోయినా అది తప్పే. చట్టం చూసేది హక్కుకు దెబ్బ తగిలిందా అని.

ఆ తర్వాత హెబ్రోను సంగతికి వచ్చారు. కావాలని చేశాడా? లేదు. అజాగ్రత్తగా ఉన్నాడా? అతని స్థానంలో బుద్ధిగల మనిషి ఎవడైనా ఏం చేస్తాడో అదే కొలత. కట్ట మీద నడిచి చూశాకే పలక ఎత్తాడంటున్నారు. అజాగ్రత్త అని నిరూపించడం కష్టం.

"అయితే మనకు ఆ కష్టం అక్కర్లేదమ్మా. ఉప్పునీరు ఆ నేల మీదికి తనంతట తాను రాలేదు. తన పని కోసం అతను తెచ్చిపెట్టుకున్నాడు. బయటపడితే పక్కవాణ్ని ముంచే వస్తువును తెచ్చి పెట్టుకున్నవాడు, ఎంత జాగ్రత్తగా ఉన్నానన్నా సరే, అది బయటపడితే జవాబు చెప్పుకోవాల్సిందే. మన కేసు గట్టిది" అన్నారు.

నాకు సంతోషమైంది. ఆదిశేషమ్మ మొహంలో ఏమీ మారలేదు. తప్పించుకునే దారి అతనికి ఏదీ లేదా అని అడిగింది.

రెండు మూడు ఉన్నాయన్నారు ఆయన. ఎవరూ ఊహించని దైవఘటన అయితే తప్పించుకోవచ్చు, కానీ పౌర్ణమి పోటు పంచాంగంలో ఉన్నదే. సంబంధం లేని మూడోమనిషి వచ్చి కట్ట తెంచితే తప్పించుకోవచ్చు.

"ఇంకొకటి, నష్టపోయిన మనిషి చేసిన పని వల్లే నీళ్లు బయటికి వస్తే ఇంక కేసే లేదు."

ఆదిశేషమ్మ కొంగు సర్దుకుంది.

"అయితే కేసు లేదయ్యా. ఆ గండి నేను కొట్టిందే. మట్ట గుచ్చలా" అంది.

ఆ మాట నేనూ అప్పుడే విన్నాను. మట్ట కోసం చెయ్యి చాచేలోగా నా కేక వినపడిందని, తర్వాత బిడ్డ గొడవలో అది మనసులో నుంచే పోయిందని, పొద్దున తెగిన కట్ట చూశాకే గుర్తొచ్చిందని ఆమె చెప్పింది. చిన్న గండి నీటి వేగానికి కోసుకుపోయి పెద్దదైంది. దాని ఆనవాలు మిగలలేదు. చూసినవాళ్లూ లేరు.

అయితే దీనికంతటికీ కారణం మా బాబు జ్వరమేనని నేను అన్నాను. పద్మనాభయ్యగారు నా వైపు కాస్త మెత్తగా చూశారు.

"మీ అబ్బాయికి జ్వరం రాకపోతే మట్ట ఉండేది. దోమ కుట్టకపోతే జ్వరం వచ్చేది కాదు. మీకు ఆ ఊరికి బదిలీ కాకపోతే ఆ దోమ కుట్టేది కాదు. అలా వెనక్కి పోతే అంతుండదు మాస్టారూ. ఏ పనికి ఏ ఫలితం వస్తుందని మనిషి ముందే అనుకోగలడో అక్కడి వరకే కోర్టు వస్తుంది. దోమ దాకా రాదు" అన్నారు.

మళ్లీ ఆమెతో, పోటు రోజున మట్ట ఉన్నా లేకపోయినా అతను వంగి చూసి ఉండాల్సిందని, తప్పు ఇద్దరిదీ అని ఒక వాదన చేసి చూడొచ్చని చెప్పారు.

"కొంత నాది, కొంత వాడిది అని ఎవురు కొలుస్తారయ్యా? వాడు మట్ట కోసం చూస్తాడని తెలిసే గదా నేను మట్ట గుచ్చేది. వాడు నడిచినాడు. నేను గుచ్చలా" అని ఆమె లేచింది.

బస్సులో తిరిగి వచ్చాం. ఊళ్లో దిగాక ఇంటి వైపు కాకుండా కామాక్షయ్య కళ్లం వైపు నడిచింది. అక్కడ నలుగురు పెద్దమనుషులున్నారు. ఓ పక్కన హెబ్రోను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కొటారు ఎప్పుడు అప్పగించాలో మాట్లాడుతున్నారు. ఆదిశేషమ్మ చెప్పదలచుకున్నది రెండు ముక్కల్లో చెప్పేసింది. బాబు ఊసు ఎత్తలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మరి ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావు?" అన్నాడు కామాక్షయ్య.

"కేసు గెలిస్తే కాలవ జరుపుతారని ఉన్నా. నాకుండేది ఆ మడి ఒకటే గదయ్యా."

"ఇప్పుడు కాలవ జరగదు. నీ మడి సంగతేంది?"

"నా మడి నేను కడుక్కుంటా. వాడి కొటారు వాడికుండనీ."

హెబ్రోను ఆమెకు దండం పెడతాడేమో అనుకున్నాను. అతని మొహం ఎర్రబడింది.

"నా కట్ట మట్టి పిసికి పిసికి చూసుకున్నా. నాకు కట్టడం చేతకాదని ఊరంతా అంటుంటే అవుననుకున్నా. నీకు తెలుసు. తెలిసి నా మొహం చూస్తా ఊరకుండావు గదక్కా" అన్నాడు.

"తిట్టు. తిట్టాల్సిందే" అంది ఆమె.

అతను తిట్టలేదు. వెళ్లిపోయాడు. కొటారు అతని దగ్గరే ఉంది. తెగిన కట్టను ఇంకో అడుగు వెడల్పు పెంచి మళ్లీ కట్టాడు. కానీ ఆదిశేషమ్మతో చాలా నెలలు మాట్లాడలేదు. మా బాబు సంగతి నేనే ఒకరోజు అతనికి చెప్పాను. "బిడ్డ ఇప్పుడు ఎట్టుండాడు?" అని అడిగాడు.

ఆదిశేషమ్మ ఆ వానాకాలమంతా మడిలో వాననీరు నిలబెట్టి, పాటు వేళ వదిలేసి, మళ్లీ నిలబెట్టింది. ఉప్పు కడిగే పద్ధతి అదొక్కటే. నేను బడి నుంచి వచ్చాక ఒక గట్టు చూసేవాణ్ని. మొదటి ఏడు పడమటి మూల మాత్రమే నాటింది. మిగతాదంతా పైన తెల్లగా పొరలు కట్టి ఉండేది. ఆ ఏడు ఆమె నాట్లకు, కోతలకు కూలికి వెళ్లింది. అంతకు ముందెప్పుడూ ఆమె ఇంకొకరి మడిలో దిగలేదు. మేము 1964 వేసవిలో ఆ ఊరు వదిలేనాటికి మడిలో సగం కంటే తక్కువే పనికొచ్చింది.

వదిలే ముందు వచ్చిన పుష్యమాసంలో కూడా ఒక వాన పడింది. సాయంత్రం హెబ్రోను వీధిలోకి వచ్చాడు. కాలువ పక్కన మళ్లున్న ప్రతి ఇంటి ముందూ నిలబడి, గండి కొట్టారా అని అడుగుతున్నాడు. అంతకు ముందు ఏడాది దాకా అతనికి ఆ అలవాటు లేదు. ఆదిశేషమ్మ ఇంటి ముందు కూడా ఆగాడు. ఆమె బాబుకు అన్నం తినిపిస్తోంది.

"నా మళ్లో ఏముండాదని గండి కొట్టేదానికి?" అంది, అతని వైపు చూడకుండా.

"అడగాల్సింది నేను అడుగుతుండా. చెప్పాల్సింది నువ్వు చెప్పు."

"కొట్టలా."

"పడమటి మూలనో?"

"యాడా కొట్టలేదులే హెబ్రోనూ. పో, పోటు వస్తుండాది."

అతను పక్కింటికి వెళ్లి అక్కడ కూడా అడిగి, ఆ తర్వాత పలక ఎత్తడానికి ఏటి వైపు నడిచాడు.