ఇరవై మూడో నంబరు సీసా

మేడంకి ఉన్న పిచ్చి ఒక్కటే: ఏది ఏమిటో ముందుగా ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా ఆవిడకు.

ల్యాబులో ఆవిడ చేసే పనికి అది కొంతవరకు అవసరమే. మత్తుకు అలవాటు పడ్డవాళ్ళను అందులోంచి బయటపడేసే మందును ఆవిడ ఎలుకల మీద పరీక్షిస్తుంది. బోనులో మీట నొక్కితే ఎలుకకు చుక్క మార్ఫిన్ అందుతుంది. మరిగిన ఎలుక అదే పనిగా నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు సగం ఎలుకలకు మత్తును అడ్డుకునే మందు, మిగతా సగానికి ఉత్త ఉప్పునీరు ఎక్కిస్తారు. అడ్డుమందు పడిన ఎలుకకు ఎంత నొక్కినా మత్తు ఎక్కదు. నొక్కీ నొక్కీ విసుగెత్తి మూలకు పోయి పడుకుంటుంది. ఏ సీసాలో ఏముందో తెలియకుండా లేబుళ్ళ మీద నంబర్లు అంటించి పరీక్షించాలి. లోకంలో అందరూ అంతవరకే చేసి ఊరుకుంటారు. మేడం ఊరుకోలేదు.

ఇంట్లో ఉప్పు డబ్బా పదకొండు, పంచదార డబ్బా పధ్నాలుగు. వారం వారం నంబర్లు మారిపోతాయి. ఆవిడ భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, ముప్పయ్యేళ్ళుగా కాఫీ మొదటి గుక్క కళ్ళు మూసుకునే తాగుతున్నారు.

"ఇవాళైనా చెప్పవే, ఏది పంచదార?"

"చెబితే మీ నాలుక నిజం చెప్పదండీ."

"దాని నిజం నాకెందుకు? కాఫీ చాలు."

ఉద్యోగాల దరఖాస్తులు కూడా అంతే. ఆవిడ చేతికి వచ్చేలోగా పేరు, ఫోటో, ఊరు, వెనకటి సంగతులు అన్నీ ఇంకొకరు కత్తిరించెయ్యాలి. మిగిలేది జల్లెడ. మూడేళ్ళ క్రితం, ఇప్పుడు ఎలుకల బోనులు చూసుకునే మేస్త్రీ అలాంటి జల్లెడతోనే వచ్చాడు. మేడం అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చేతిలో ఎలుకను పెట్టి పది నిమిషాలు చూసింది. అది కరవలేదు. "రేపు ఏడింటికి రా," అంది.

"ఇంత పట్టింపు ఎందుకు మేడం?" అని మేస్త్రీ ఒకసారి అడిగేశాడు.

"మొదట్లో ఏ ఎలుకకు మందు ఇచ్చానో నాకు తెలిసేది. మందు పడ్డదల్లా హుషారుగా కనిపించేది. రెండేళ్ళు అలాగే రాసుకున్నాను. తీరా చూస్తే ఆ మందులో పసే లేదు. కళ్ళూ నావే, అబద్ధమూ నాదే."

మేస్త్రీకి ఆవిడంటే ఎంత గౌరవమో అంత భయం. అతను వచ్చింది మత్తు మాన్పించే కేంద్రం నుంచి. ఆ సంగతి ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. మానేసి ఐదేళ్ళయింది. అయినా మార్ఫిన్ అల్మారాకు పది అడుగుల దూరంలో అలాంటివాణ్ణి ఎవరు ఉండనిస్తారు? ఆ ఉద్యోగం పోతే ఇంట్లో పెళ్ళాం, కూతురు మళ్ళీ తనను ఆ పాత చూపు చూస్తారని అతని బెంగ.

సీసాలకు నంబర్లు అంటించే పని మేడం అత్తగారిది. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. నెలకోసారి వచ్చి మందుల గదిలో కూర్చుంటుంది. కోడలు గోడ వైపు తిరిగి, సీసాలను చూడకుండా చేత్తో తడిమి తీసి, భుజం మీదుగా వెనక్కి అందిస్తుంది. అత్తగారు లేబుల్ చదివి, దాని మీద నంబరు అంటించి, తన నోటుపుస్తకంలో రాసుకుని, పుస్తకం ఇంటికి పట్టుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ప్రయోగం అయ్యేదాకా ప్రాణం పోయినా చెప్పదు.

ఒక మంగళవారం పొద్దున్నే తనిఖీ అధికారి వచ్చాడు. మార్ఫిన్ సీసాలు రిజిస్టరులో పన్నెండు, అల్మారాలో పదకొండు. ఫైళ్ళు తిరగేస్తుంటే ఒక ఉత్తరం దొరికింది. తాము పంపిన ముగ్గురికి పని ఇచ్చినందుకు మత్తు మాన్పించే కేంద్రం కృతజ్ఞతలు చెప్పింది. అధికారి మొహం వెలిగింది. తలుపు పక్కన నిలబడ్డ మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆ ముగ్గురు ఎవరండీ?"

"నాకు తెలియదు," అంది మేడం.

"మీ దగ్గర పనిచేసేవాళ్ళు మీకు తెలియదా?"

"పేర్లు చెప్పొద్దని కేంద్రాన్ని అడిగింది నేనే. తెలిస్తే, నిద్ర చాలక తూలినవాడు కూడా నా కంటికి మత్తులో తూలినట్టు కనిపిస్తాడు. నా కళ్ళ సంగతి నాకు తెలుసు."

మేస్త్రీ నేల చూపులు చూశాడు. ఆ కత్తిరింపులు చాదస్తమని మూడేళ్ళుగా అందరితో కలిసి నవ్వినవాడు అతను.

"అయితే అందరి సంచులూ చూడాలి," అన్నాడు అధికారి. మేడం ముందుగా తన హ్యాండ్ బ్యాగు బల్ల మీద బోర్లించింది. తర్వాత తొమ్మిది మంది సంచులూ బోర్లించారు. టిఫిన్ డబ్బాలు తప్ప ఏమీ లేవు. గదిలో చూడకుండా మిగిలింది ఫ్రిజ్‌లోని నంబర్ల సీసాల ట్రే ఒక్కటే. ఆ నంబర్ల గుట్టు ఇప్పుడు విప్పితే ఆరు వారాల ప్రయోగం దండగ.

"ఎందుకండీ అంత నష్టం?" అన్నాడు అధికారి మెత్తగా. "కేంద్రానికి ఒక్క ఫోన్ కొడితే ముగ్గురి పేర్లు వస్తాయి. వాళ్ళను నేను చూసుకుంటాను."

మేడం ఫోన్ తీసింది. మేస్త్రీ తలుపు గడియ పట్టుకున్నాడు. ఆవిడ కలిపింది ఇంటికి.

"అత్తయ్యా, ఆ ట్రేలో మార్ఫిన్ సీసా ఏమైనా ఉందా?"

"ప్రయోగం అయిపోయిందా?"

"లేదు."

"అయితే చెప్పను."

అధికారి ఫోన్ అందుకున్నాడు. "అమ్మా, నేను తనిఖీ అధికారిని."

"చాలా సంతోషం నాయనా. ప్రయోగం అయ్యాక రండి."

మేడం ఫోన్ వెనక్కి తీసుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, "అత్తయ్యా, ప్రయోగం రద్దు చేశాను," అంది.

"అలా చెప్పు. ఇరవై మూడు. నువ్వు గోడ చూస్తూ పొరపాటున అందించావు. అప్పుడే చెబుదామనుకున్నాను, ఏది ఏమిటో చెప్పొద్దన్నావు కదా అని ఊరుకున్నాను."

నంబరు కాగితం ఊడదీస్తే కింద మార్ఫిన్ లేబుల్. సీలు కూడా చెక్కుచెదరలేదు. అధికారి రిజిస్టరులో సంతకం పెట్టి, మేడంకి నమస్కారం కూడా పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం మేస్త్రీ ఆవిడ గదిలోకి వెళ్ళాడు. "మేడం, ఆ ముగ్గురిలో..."

మేడం గబుక్కున రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. "చెప్పకు. మూడేళ్ళ పరిశీలన పాడైపోతుంది."

అతను ఆగలేకపోయాడు. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం రీళ్ళు ఎత్తి నడుం విరగ్గొట్టుకోవడం, ఆ నొప్పికి వేసుకున్న మాత్రలు నొప్పి తగ్గినా వదలకపోవడం, కేంద్రంలో గడిపిన నెలలు, కూతురు మళ్ళీ నాన్నా అని పిలిచిన రోజు, అన్నీ చెప్పేశాడు. మేడం చెవుల్లో వేళ్ళు అలాగే ఉంచుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

అతని పెదాలు ఆగాక వేళ్ళు తీసింది. "అయిందా?"

"అయింది మేడం."

"ఒక్క ముక్క వినలేదు," అంది ఆవిడ గట్టిగా. "రేపు మామూలుగా ఏడింటికి రా. కొత్త ట్రే మొదలుపెడదాం. ఇంకో సంగతి, బోనుల్లో పరిచే రంపపు పొట్టు బస్తాలు ఇకమీద నువ్వు ఎత్తకు. నీ నడుం అసలే మంచిది కాదు."